ఒంటరిగానా? ఏ లెక్కన?

రెండో ప్రపంచయుద్ధం సినిమా ఏదొచ్చినా మా టీములో రెండ్రోజులు అదే చర్చ. "హిట్లర్ని బ్రిటన్ ఒంటరిగా ఎదుర్కొందిరా" అంటాడొకడు. ఒంటరిగానా? ఏ లెక్కన బాబూ?

1939 దాకా రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరాలంటే యూరోపియన్ సంతతి అయ్యుండాలి. యుద్ధం మొదలయ్యాక, అదే ఏడు అక్టోబర్లో, ఆ రూలు పక్కన పెట్టారు. మనసు మారి కాదండోయ్, మనుషులు అవసరమై. అదీ యుద్ధం జరిగినన్నాళ్ళకే!

జమైకా కుర్రాడు బిల్లీ స్ట్రాచన్ సైకిలూ, శాక్సఫోనూ అమ్ముకుని ఓడెక్కి మరీ వెళ్ళి చేరాడు. ట్రినిడాడ్ నుంచి అల్రిక్ క్రాస్ నావిగేటర్‌గా 80 దాడుల్లో పాల్గొన్నాడు. బ్రిటిష్ గయానా వాడు సై గ్రాంట్, 1943లో విమానం కూలితే రెండేళ్ళు జర్మన్ల చెరలో గడిపాడు. కరీబియన్ నుంచి దాదాపు 6,000 మంది చేరారు. వాళ్ళలో గాల్లోకెగిరింది కొన్ని వందలమంది. ఎంతోమంది తిరిగి రాలేదు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారంటే ఆ ఉద్యోగం ఏపాటిదో ఊహించుకోండి.

మరి బతికినవాళ్ళకి? 1948లో విండ్‌రష్ ఓడలో మళ్ళీ వచ్చినవాళ్ళలో చాలామంది ఈ మాజీ సైనికులే. అద్దెకి గది అడిగితే నల్లవాళ్ళకి ఇవ్వమన్నారు.

రిలీజ్ కోసం రాత్రుళ్ళు పనిచేశాక థాంక్స్ మెయిల్లో మన పేరు లేకపోతేనే మనకి ఒళ్ళు మండుతుంది కదా. వీళ్ళు పెట్టింది ప్రాణాలు. ఇంకోసారి "ఒంటరిగా" అనేముందు కాస్త ఆలోచించండి.