యంత్రదానము - పోషణభారము

ధర్మసంస్థలకు యంత్రసాధనములు నేడు విలాసవస్తువులు కావు. మెదకు జిల్లా ఎల్దుర్తివంటి మండలకేంద్రమున పఠనాలయమును గాని, విద్యార్థి వసతిగృహమును గాని, రైతుసంఘమును గాని నడుపువారికి లెక్కలు వ్రాయుటకును, ప్రభుత్వమునకు నివేదికలు పంపుటకును, సభ్యులకు సమాచార మందించుటకును కంప్యూటరు కావలసియున్నది. సొమ్మెక్కడనుండి వచ్చును? అను ప్రశ్నయే సామాన్యముగా ముందు వినబడును. మా యభిప్రాయమున నది రెండవ ప్రశ్న. కొన్నదానిని అయిదేండ్లు పోషించువారెవరు? అనునది మొదటి ప్రశ్న.

దాత యంత్రమునిచ్చును, ప్రారంభోత్సవము వైభవముగా జరుగును. కొంతకాలమునకు బ్యాటరీ చెడును. మరమ్మతునకు పద్దులో పైసయుండదు. పని నేర్చిన యువకుడు పట్నమున కొలువు దొరకి వెడలిపోవును. పిదప యంత్రముపై గుడ్డ కప్పి మూల నుంతురు. కొనుగోలు ధరతోనే లెక్క ముగించిన సంస్థకు ఈ గతి తప్పదు.

మన పెద్దలు ఈ విషయమున దూరదృష్టి గలవారు. గుడి కట్టించినవారు ధూపదీపనైవేద్యములకు మాన్యములు వ్రాసియిచ్చిరి. చెరువు త్రవ్వించినవారికిని, బాగుచేయించినవారికిని దశబంధ మాన్యములు లభించెను. కట్ట తెగకుండ, తూము పూడకుండ కాపాడుట ఆ మాన్యమునకు షరతు. నీరు పంచుటకు తెలంగాణ పల్లెలలో నీరటికాడుండెను. కట్టుటయు, కాపాడుటయు ఒకే ధర్మములోని రెండు భాగములని వారెరిగిరి. కంప్యూటరు విషయమున మనమా సంగతి మరచితిమి.

పూర్వపు మెదకు జిల్లాలోనే దీనికి చక్కని నిదర్శనము కలదు. జహీరాబాదు ప్రాంతమున 1983లో ఆరంభమైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ, యునెస్కో సాయముతో 1990 దశాబ్ది చివర మాచ్నూరు గ్రామమున రేడియో కేంద్రము నేర్పరచెను. గగనతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పియున్నను, ఇట్టి సంస్థలకు లైసెన్సునొసగు విధానము 2006వరకు రాలేదు. అంతవరకు దళిత స్త్రీలు కార్యక్రమములను టేపులపై ధ్వనిముద్రణ చేసి, ఊరూర సంఘపు సమావేశములందు వినిపించిరి. 2008 అక్టోబరు 15న సంగం రేడియో 90.4 మెగాహెర్ట్జులపై ప్రసారము లారంభించునాటికి, దానిని నడుపు చేతులు చాలకాలముగా సిద్ధమైయుండెను. పనివారు ముందు, ప్రసారయంత్రము తరువాత: ఇది లైసెన్సు జాప్యముచే కలిగిన క్రమమైనను, సంస్థలు బుద్ధిపూర్వకముగా ననుసరింపదగినది.

రెండవ పాఠము 108 అంబులెన్సు సేవలోనున్నది. లాభాపేక్షలేని ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ 2005 ఆగస్టు 15న హైదరాబాదున దీనిని ప్రారంభించెను. సత్యం కంప్యూటర్సు అధిపతి రామలింగరాజు ఆ సంస్థకు మూలస్తంభము. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల మోసము బయటపడగా స్తంభము కూలినది. అయినను నడుపు ఖర్చులో అధికభాగమును ప్రభుత్వము భరించుచుండెను; ఆ యేడే జి.వి.కె. సంస్థ నిర్వహణభారమును వహించెను, సేవ నిలిచిపోలేదు. ఇంత పెద్ద సంస్థకే రెండవ ఆధారము ప్రాణరక్షణ మైనప్పుడు, ఒక్క దాతను నమ్ముకొన్న చిన్న సంఘమెంత జాగ్రత్త పడవలెను!

ఇక పొదుపు మార్గము. న్యూజీలాండులో హోరోవెనువా గ్రంథాలయ ట్రస్టు తన పాత సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరమునకు పనికిరాదని గ్రహించి, 1999లో క్రొత్తది వ్రాయించి, దానిని లోకమున కుచితముగా విడిచెను. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక యని అర్థము. నేడు మనదేశమునను పెక్కు గ్రంథాలయములు దానిని వాడుచున్నవి. మన పఠనాలయములు వేలు పోసి సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. అయితే ఉచితముగా వచ్చినదానికిని నేర్పువాడు, కాపాడువాడు కావలెను. మిగిలిన సొమ్ము వారి కుపయోగింపవలెను. నాలుగు సంఘములు కలిసి ఒక నిపుణుని పెట్టుకొన్నచో భారము నాలుగవవంతగును.

కావున సంస్థల కార్యవర్గములకు మా సలహా యిది. ఏ పని జరుగక చిక్కుపడుచున్నదో ముందు కాగితముపై వ్రాయుడు. దానిని తీర్చు సాధనమును మాత్రమే కోరుడు. ధరతోపాటు విద్యుత్తు, అంతర్జాలము, మరమ్మతు, శిక్షణ, జీతము, యంత్రము ముదిరినప్పుడు మార్చుటకు నిధి, వీనినన్నిటిని అయిదేండ్లకు లెక్క కట్టుడు. చేత లక్ష రూపాయలున్నచో సగమునకు మించి యంత్రములపై వెచ్చింపకుడు. ఒక్కరికి గాక ఇద్దరికి పని నేర్పుడు.

2013 కంపెనీల చట్టము చొప్పున నిర్ణీత పరిమితికి మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండువంతులు సాంఘికకార్యములకు వెచ్చింపవలెను. అందు కొనసాగు పథకములకు ఆరంభపు సంవత్సరముగాక మూడేండ్ల గడువు కలదు. అడుగువారు పోషణవ్యయమును మొదటి దరఖాస్తులోనే సంకోచింపక చూపవలెను. గడువు తీరిన పిదప దానిని మోయువారెవరో కూడ చెప్పవలెను.

దాతలగు భూస్వాములకును, పురప్రముఖులకును ఒక మనవి. యంత్రముపై పేరు చెక్కించుకొనుట సులభము. దానిని నడుపు బాలికకు నెలజీతమిచ్చుట పేరు రాని దానము. కాని ఊరికి ఫలమిచ్చునది ఆ రెండవదియే. మీ పూర్వులు దీపస్తంభముతోపాటు నూనెకును భూమినిచ్చిరి. మీరును నూనె సంగతి మరువకుందురు గాక!