పాముల ర్యాక్‌కి హీటర్ సరే, దాన్ని ఆపేది ఏది?

తడలో ఉంటూ గ్యాడ్జెట్ల గురించి రాస్తుంటే ఫోన్ల మీదే ప్రశ్నలు వస్తాయనుకుంటారు. ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది "బ్రో, పాముల ర్యాక్‌కి ఏ థర్మోస్టాట్ బెస్ట్?" అని. నా దగ్గర పాములు లేవు. వైరింగ్ చూసిపెట్టమని పిలిచే ఫ్రెండ్స్ మాత్రం ఉన్నారు.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. బీరువా అరల్లాంటి ఫ్రేమ్, ఒక్కో అరలో సొరుగులా లాగే ప్లాస్టిక్ డబ్బా, వెనక భాగంలో అడుగున హీట్ మ్యాట్. పాము మనలా ఒంటి వేడిని తానే నిలబెట్టుకోలేదు కాబట్టి డబ్బాలో ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉండాలి. వెచ్చని వైపు బాల్ పైథాన్‌కి 31-32 డిగ్రీలు, కార్న్ స్నేక్‌కి 28-30 సరిపోతాయి.

మనవాళ్లు చూసే వీడియోలు చాలావరకు చలి దేశాల్లో తీసినవి. వాళ్ల బాధ వేడి ఎలా పెంచాలని. తడలో డిసెంబరు, జనవరి రాత్రులు 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, మే నెలలో 40 దాటే రోజులుంటాయి. పక్కనే శ్రీసిటీలో ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి, రూమ్ హీటర్ల ఫ్యాక్టరీ ఉందని నేనైతే వినలేదు! మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ హీట్ మ్యాట్ ఆఫ్‌లోనే ఉండాలి. అందుకే థర్మోస్టాట్ కొనేటప్పుడు నేను చూసేది ఒక్కటే: అది ఆపాల్సినప్పుడు కచ్చితంగా ఆపుతుందా?

అందరూ కొనేది డబ్ల్యూ 1209 బోర్డు. 12 వోల్టులు, మూడు బటన్లు, చిన్న డిస్‌ప్లే, వైరు చివర సెన్సర్. ఆ ధరకి మంచి వస్తువే, కాదనను. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో తేడా 2 డిగ్రీలు, అంటే 32 పెడితే 32 దగ్గర ఆగి 30కి పడ్డాక మళ్లీ ఆన్ అవుతుంది. చాలామంది దాన్ని అర డిగ్రీకి తగ్గించి సంబరపడతారు. కానీ లోపల ఉన్నది టిక్‌టిక్‌మనే రిలే. ఆ తరహా నీలం రిలేకి పూర్తి లోడు మీద లెక్కగట్టిన ఆయుష్షు సుమారు లక్ష సార్లు. రెండు నిమిషాలకోసారి ఆన్ అయితే రోజుకి 720 సార్లు. లక్ష అయిపోవడానికి 140 రోజులు కూడా పట్టదు. హీట్ మ్యాట్ లోడు చిన్నది కాబట్టి నిజానికి ఇంకా చాలా ఎక్కువే వస్తుంది. అయినా రిలే పోయే తీరు చూడండి: కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అతుక్కుంటే హీటర్ ఆన్‌లోనే ఉండిపోతుంది, డిస్‌ప్లే మీద అంకె మాత్రం పెరుగుతూ పోతుంది. పెద్ద డబ్బాలో పెద్ద పాముకి పక్కకి జరిగే చోటుంటుంది. చెప్పుల డబ్బా సైజులో ఉన్న పిల్లపాముకి ఆ చోటు లేదు, కాసేపటికే చల్లని కొస కూడా వేడెక్కుతుంది. పైగా కింద నేల కాలుతున్నా పాము వెంటనే లేచిపోదు, పొట్ట కాలిన పాములు వెట్ దగ్గరికి వచ్చేది ఇలాగే.

రిలే లేని ఖరీదైన మోడల్ కొంటే సరిపోతుందా అంటే, అందులో ఉండే ట్రయాక్ కూడా షార్టయితే ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి డబ్బులన్నీ ఒక్క థర్మోస్టాట్ మీద పోయకుండా, రెండు మామూలువి సిరీస్‌లో పెట్టండి. రెండోదానికి వేరే సెన్సర్, సెట్టింగ్ మొదటిదానికన్నా 3 డిగ్రీలు ఎక్కువ. మొదటిది ఇరుక్కుపోయినా రెండోది కరెంటు తెంపేస్తుంది. వైఫై ప్లగ్ ఫోన్‌కి అలర్ట్ పంపడానికి బాగుంటుంది, కంట్రోల్ మాత్రం దాని చేతిలో పెట్టకండి. ఇక ఆ ఓపెన్ బోర్డు రిలేకి 230 వోల్టులు నేరుగా ఇచ్చి వదిలేసే వాళ్లకి నా దండం. 12 వోల్టుల మ్యాట్ వాడండి, లేదంటే మూసి ఉన్న డబ్బాలో బిగించండి.

సెన్సర్‌ని గాలిలో వేలాడదీయకుండా మ్యాట్ పైన, డబ్బా అడుగుకి తగిలేలా గట్టిగా అంటించాలి. అది జారి బయట పడితే గది చల్లదనాన్ని చూసి హీటర్‌ని ఆపనే ఆపదు. అంకె నిజమో కాదో తేల్చడానికి ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటర్ చాలు. గోరువెచ్చని నీళ్లలో సెన్సర్‌నీ దాన్నీ పక్కపక్కనే ముంచండి. తేడా ఉంటే బోర్డులోనే సరిచేసుకోవచ్చు.

ఇంత చేసినా మే నెల సమస్య తీరదు. గది 37 డిగ్రీలుంటే ఏ థర్మోస్టాట్ కూడా డబ్బాని 32కి దించలేదు. రేకుల గదిలో, పై అంతస్తులో ర్యాక్ వద్దు. ఇన్వర్టర్ ఉంటే దాన్ని హీటర్‌కి కాకుండా ఫ్యాన్‌కి ఇవ్వండి. జనవరిలో నాలుగు గంటలు కరెంటు పోతే పాము కాస్త మందగిస్తుంది, అంతే. మేలో పోతే ప్రాణం మీదికి వస్తుంది. వడనెమ్మేలిలో విషం తీసే ఇరుళ సహకార సంఘం వాళ్లు పాముల్ని మట్టి కుండల్లో ఉంచుతారు. ఈ తీరం వాతావరణం వాళ్లకి తెలిసినంతగా ఏ యూట్యూబర్‌కీ తెలియదు.

ఇంకో మాట. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఈ ర్యాక్ వాటికి కాదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకి 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, పిల్లలు పుడితే అదీ చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. అలా వచ్చిన పిల్ల మీ చేతికి చవగ్గా వస్తుంటే, కాగితాలు అడగండి. లేవంటే కొనకండి.

అన్నీ ఓకే అయితే, పాము రాకముందే ర్యాక్‌ని రెండు వారాలు ఖాళీగా నడపండి. ఒక రోజు మొదటి థర్మోస్టాట్ రిలేని వైరుతో కావాలనే షార్ట్ చేసి, రెండోది తెంపుతుందో లేదో పక్కనే కూర్చుని చూడండి.