ఫొటో ఫోన్ దాటకూడదు

మీ ఫోన్ గ్యాలరీ ఒకసారి తెరిచి చూడండి. అనంతగిరి కొండల మీద దిగిన సెల్ఫీల మధ్యలోనే ఆధార్ కార్డు, ఇంటర్ మెమో, నాన్న బ్యాంకు పాస్‌బుక్ ఉంటాయి. ఏదో ఫిల్టర్ యాప్ అన్ని ఫొటోలూ చూస్తానంటే సరేనని నొక్కేస్తాం. ఆ తర్వాత అవి ఎక్కడికి పోతున్నాయో ఎవరు చూశారు?

వికారాబాద్, తాండూరుల్లో చదువుతూ రెజ్యూమెలో ఏ ప్రాజెక్టు పెట్టాలా అని వెతుకుతున్నారా? గ్యాలరీలోని గుర్తింపు పత్రాలను కనిపెట్టి, వాటిని తాళం ఉన్న ఫోల్డర్‌లో దాచే యాప్ చేయండి. గుర్తించే పనంతా ఫోన్‌లోనే జరగాలి. సర్వర్ ఉండదు, దాని అద్దె ఉండదు. హైదరాబాద్ రైల్లో సిగ్నల్ పోయినా పనిచేస్తుంది.

ఇదేమీ కొండంత పని కాదు. గూగుల్ 2017లో ఇచ్చిన మొబైల్‌నెట్ మోడల్‌లో దాదాపు 42 లక్షల పారామీటర్లు ఉంటాయి. ఒక్కోదాన్ని 8 బిట్లకు కుదిస్తే మొత్తం 4 ఎంబీ చిల్లర, అంటే ఒక మంచి ఫొటో అంత. టెన్సర్‌ఫ్లో లైట్‌తో (ఇప్పటి పేరు లైట్‌ఆర్‌టీ) దాన్ని యాప్‌లో పెట్టొచ్చు. శిక్షణకు మాత్రం నమూనా కార్డులు మీరే తయారు చేసుకోండి. గోప్యత యాప్ కోసం క్లాస్‌మేట్ల ఆధార్‌లు వాట్సాప్‌లో పోగేయడమంత విడ్డూరం ఇంకోటి లేదు.

అసలు పరీక్ష వేరే ఉంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో యాప్ నడిస్తే అది సగం రుజువే; నెట్ రాగానే ఫొటోలు పంపేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ అనుమతిని వాడేవారిని అడగరు, ఇన్‌స్టాల్‌తోనే వచ్చేస్తుంది. మానిఫెస్ట్ ఫైల్లో ఆ అనుమతే లేకపోతే యాప్ నేరుగా నెట్‌కు వెళ్లలేదు. మీరు రాయకపోయినా కొన్ని లైబ్రరీలు దాన్ని చేర్చేస్తాయి, కాబట్టి బిల్డ్ తర్వాత తయారయ్యే మానిఫెస్ట్‌నే చూడండి. ఆటో బ్యాకప్‌నూ ఆపేయండి. 'మీ గోప్యతను గౌరవిస్తాం' అని పేజీలకు పేజీలు రాయడం కన్నా ఈ రెండు మార్పులే గట్టి హామీ.

సమ్మతి తీసుకున్న పనికి అవసరమైనంత డేటానే వాడాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే మానిఫెస్ట్ తెరిచి చూపించండి.

ఒక చిక్కు ఉంది. గూగుల్ ఎంఎల్ కిట్ ఫోన్‌లోనే అక్షరాలను చదువుతుంది. కానీ అది లాటిన్, దేవనాగరి, చైనీస్, జపనీస్, కొరియన్ లిపులకే. తాండూరు కంది రైతు పట్టాదారు పాస్‌బుక్‌లోని తెలుగు దానికి రాదు. టెస్సరాక్ట్‌కు తెలుగు వచ్చు, అదీ ఫోన్‌లోనే నడుస్తుంది. నీడ పడ్డ, మడతలున్న కాగితాల ఫొటోల మీద ఎంతవరకు చదువుతుందో మీరే కొలిచి, తప్పులతో సహా రెజ్యూమెలో రాయండి.