ప్రయారిటీ డేట్ లేని క్యూ

గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ల తరబడి నెలనెలా వీసా బులెటిన్ చూసిన మనకి క్యూ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత నెమ్మదిగా కదిలినా మన ప్రయారిటీ డేట్ మనదే. ఈమధ్య పార్సిప్పనీకి దగ్గర్లోని ఒక వాచీల షాపులో అలాంటి తేదీయే లేని క్యూ చూశాను.

నలభై ఐదో పుట్టినరోజుకి ఒక స్టీల్ స్పోర్ట్స్ వాచీ కొనుక్కుందామని వెళ్లాను. అద్దాల వెనక ఉన్నవి చూపించడానికే తప్ప అమ్మకానికి కాదన్నారు. పేరు రాసుకున్నారు. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, "ముందు మేడమ్‌కి ఏదైనా నగ చూడండి. మా దగ్గర కొన్న రికార్డు ఉంటే మంచిది" అన్నాడు సేల్స్‌మన్.

బంగారం కాదు, వజ్రాలూ కావు, స్టీలే కదా! ఇంత గిరాకీ ఉంటే ఇంకా ఎక్కువ చేయొచ్చుగా?

చేయకపోవడానికి కారణాలున్నాయి. పటెక్ ఫిలిప్ కంపెనీ 2021లో, గిరాకీ ఆకాశాన్నంటుతున్నప్పుడే, తన స్టీల్ నాటిలస్ 5711 మోడల్‌ని ఆపేసింది. ఒక్క మోడలే కంపెనీ మొత్తాన్ని శాసించకూడదన్నది అధ్యక్షుడు థియరీ స్టెర్న్ వాదన. అదే ఏడాది డిసెంబర్‌లో, 170 మాత్రమే చేసిన టిఫనీ నీలం డయల్ 5711లలో ఒకటి న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. షాపు ధర దాదాపు 52 వేలు!

భయం కూడా ఉంది. 1970లలో చవక క్వార్ట్జ్ వాచీలు వచ్చాక స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90 వేల ఉద్యోగాలు పదిహేనేళ్లలో 30 వేల చిల్లరకి పడిపోయాయి. ఆ దెబ్బ తిన్నవాళ్లు గిరాకీ పెరగ్గానే ఫ్యాక్టరీలు కట్టేయరు. 2022లో సెకండ్ హ్యాండ్ ధరలు ఎక్కినంత వేగంగా దిగాయి కూడా. రోలెక్స్ ఇప్పుడు బుల్ పట్టణంలో కొత్త ఫ్యాక్టరీ కడుతోంది, కానీ అది 2029కి గానీ సిద్ధం కాదు.

కాబట్టి తక్కువ చేయడం నేరమని నేననను. ఇదేం బియ్యమా, మందులా? నా అభ్యంతరమల్లా, ఆ కొరతని అడ్డం పెట్టుకుని అక్కర్లేని సరుకు అంటగట్టడం మీద. దానికి ఊపిరి పోస్తున్నది మనమే. పుట్టినరోజు పార్టీల్లో ఒకరి మణికట్టు ఒకరం చూసుకుంటాం. అల్లుడికి పెట్టే వాచీకీ బ్రాండు వెతుకుతాం. అడిగితే "ఇన్వెస్ట్‌మెంట్" అంటాం.

నేనూ తక్కువ తినలేదు. ఆరోజు ఒక గొలుసు ధర అడిగాను. పక్కనే ఉన్న మా అమ్మాయి, వచ్చే ఏడాది కాలేజీకి వెళ్లాల్సిన పిల్ల, "నాన్నా, అమ్మకి అది నచ్చిందా?" అంది. మా ఆవిడ అసలు మాతో రాలేదు. ఆ గొలుసు డబ్బు ఒక సెమిస్టర్ పుస్తకాలకీ హాస్టల్‌కీ సరిపోతుంది.

నా పేరు కొట్టేయమని చెప్పి వచ్చేశాను. ఇష్టమైతే వాచీ కొనుక్కోండి, తప్పు లేదు. దొరికేదాకా ఆగండి, లేదా సెకండ్ హ్యాండ్‌లో అసలు ధర తెలుసుకుని కొనండి. దానికోసం గొలుసు మాత్రం కొనకండి.

మా తాతయ్య 1976లో పెళ్లికి నాన్నకి పెట్టిన హెచ్ఎంటీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. రెండు నిమిషాలు వెనకపడుతుంది, అంతే.