నాలుగు ప్రతుల నిబంధన

ఈ యేటి భాషాసేవా పురస్కారములు ప్రకటింపబడినవి. గ్రహీతలకు మా అభినందనలు. ఒసగిన సంస్థ పేరు ఇచట వ్రాయము. తెలిసినవారికి వ్రాయనక్కరలేదు, తెలియనివారికి దానితో పనిలేదు. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూరునందును దాని చుట్టుపట్ల పల్లెలయందును కొన్ని యేండ్లుగా ఆదివారములు కూడుకొనుచు, ఎవరైనను వాడుకొనుటకు, విప్పి చూచుటకు, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనుటకు, మార్చినదానిని పదిమందికి పంచుటకు అనుమతిగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును బడిపిల్లలకును, చిన్న దుకాణములవారికిని, మాబోటి పత్రికలవారికిని ఒక్క పైసా పుచ్చుకొనకుండ నేర్పుచున్న యువకబృందమొకటి కలదు. వారిని మేము ఆ పురస్కారమునకు ప్రతిపాదించితిమి. వచ్చిన సమాధానము రెండు వాక్యములది. ఇది సాంకేతిక విషయమేగాని భాషాసేవ గాదు అని మొదటి వాక్యము. నిబంధనల ప్రకారము ముద్రితగ్రంథము నాలుగు ప్రతులు జతపరుపలేదు అని రెండవది. బృందమువారు తమ పనియంతయు నింపి పంపిన పెన్‌డ్రైవు, అంటించిన టేపు విప్పకుండనే, అదే కవరులో తిరిగివచ్చినది. పురస్కారము ఒక అభినందన సంచికకు దక్కినది.

ఇందులకు మాకు కోపము వచ్చినదని కొందరు మిత్రులనుచున్నారు. మాకు వచ్చినది ఆలోచన మాత్రమే. అది కొంత వేడిగానున్నదనిన కాదనము.

ముద్రితగ్రంథము చూపలేని భాషాసేవ తెలుగువారికి క్రొత్తది గాదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారికిని, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నిలిపినవారికిని సభలలో మనము దండములు పెట్టుచునే యున్నాము. అయితే అట్టి నిలయములలో సాయంకాలము దీపము వెలిగించి, పత్రికలు బల్లపై పరచి, పుస్తకము కొనిపోయినవాని పేరు పద్దులో వ్రాసికొని, గడువు దాటినను తిరిగి తేనివాని యింటికి పోయి అడిగి తెచ్చినవారు ఎన్ని గ్రంథములు రచించిరి? ఎన్ని ప్రతులు సమర్పించిరి? వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మినవాడు. పిమ్మట ‘ప్రజల మనిషి’ వ్రాసి నవలాకారుడైనాడు గనుక మనమాయనను సాహిత్యచరిత్రలో నిశ్చింతగా చేర్చుకొంటిమి. నవల వ్రాయకయుండినచో, ఆ పుస్తకములు మోసిన భుజమునకు మన చరిత్రకారులు ఒక పంక్తియైనను కేటాయించియుందురా అని మా సందేహము. తెలంగాణమున కవులే లేరన్న నిందకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులు చెప్పిరని ఎరుగని సాహిత్యాభిమాని ఉండడు. అంతటి సంచికకు పల్లెపల్లె నుండి పద్యములు తెప్పించుటయు, చెదిరిన చేవ్రాతలను చదువుటయు, అచ్చుచిత్తులు దిద్దుటయు ఎంతటి చాకిరియో ఆలోచించినవారు మాత్రము అరుదు.

ఆ దినములలో నిజాము ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచే సభలకు ముందనుమతి కావలెనని శాసించినది. పదిమంది ఒకచోట చేరి తెలుగులో మాటలాడుకొనిన ఏమి కొంప మునుగునో యని భయపడినది. భయపడుట ఒక విధమగు గౌరవమే. నేటి పెద్దలు భయపడరు, ఆవులింతురు.

కంప్యూటరుపై తెలుగు ఎట్లు నిలిచినదో మన పురస్కార సంఘములవారికి తెలిసినట్లు లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కొరకు గ్నూ పథకమును ప్రకటించెను. 1991లో లినస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ కెర్నెలును లోకమునకు విడిచెను. ఆ 1991లోనే యూనికోడు తొలి ప్రమాణమున తెలుగు లిపికి చోటు దక్కినది. చోటు దక్కినంత మాత్రమున భాష దానంతటది వచ్చి కూర్చుండలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరముల మీటలతో తెలుగు వ్రాయు ఆర్‌టీఎస్ పద్ధతిని కల్పించిరి. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంటులను చెక్కి ఉచితముగ నిచ్చిరి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టగా, పేరు చెప్పుకొనని ఎందరో అందులో ఊరూరికిని ఒక పుట తెరిచిరి. 2006లో వీవెన్ లేఖిని అను ఉపకరణమును రూపొందింపగా, కీబోర్డు నేర్వని వేలమంది తెలుగు వ్రాయసాగిరి. 2005లో హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థ ఏర్పడి, డెబియన్ ఆధారముగ తెలుగు ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపరచి, ఇంజనీరింగు కళాశాలలలో గ్లగ్గులని పిలువబడు విద్యార్థి సంఘములను నెలకొల్పి, బస్తీలలో పేదపిల్లలకు కంప్యూటరు కేంద్రములు నడపినది. మా ఇబ్రహీంపూరు యువకులు మొట్టమొదట అక్షరాభ్యాసము చేసినది అట్టి గ్లగ్గుననే. సిలికానాంధ్ర సంస్థవారి పూనికతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, గిడుగు, గురజాడ, సురవరము పేర్లతో వెలువడిన యూనికోడు ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో లోకమున నున్నవి. మాకు వచ్చిన తిరస్కారపత్రము మల్లన్న ఫాంటులోనే అచ్చయినది.

ఈ బృందము చేయు పని యెట్టిదో పాఠకులు కన్నులార చూచినట్లుగ చెప్పవలెను. మా పత్రిక పాత సంచికలన్నియు డీటీపీ రంగమున ప్రసిద్ధమగు ఒక పాతకాలపు ఫాంటులో కూర్పబడినవి. ఆ ఫాంటు గల యంత్రమున తప్ప మరెచట తెరిచినను వ్యాసమంతయు ఇంగ్లీషు అక్షరములు, కామాలు, డాలరు గుర్తులు కలిసిన గందరగోళముగ కనబడును. ఏలయనగా ఆ ఫైలులో నున్నవి తెలుగు వేషము వేసిన ఇంగ్లీషు సంకేతములు. వానిని యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు కలవు గాని, రావత్తు దగ్గరకు వచ్చుసరికి అవి తడబడును. ‘ప్రభాతము’ పోయి ‘పభ్రాతము’ వచ్చును. డిగ్రీ చదువుచున్న ఒక అమ్మాయి అచ్చుప్రతి చేతబట్టుకొని పంక్తి పంక్తిగ చదువగా, ఎదుట కూర్చున్న కుర్రవాడు తెరపై దిద్దును. అంతటితో నిలిచిపోయినచో అది ప్రూఫు దిద్దుటయే యగును. వారు ఏ తప్పు ఎందువలన వచ్చినదో కనిపెట్టి, దానికొక సూత్రము వ్రాసి, ప్రోగ్రాములో చేర్చి, ఆ సోర్సు కోడును అందరికిని అందుబాటులో పెట్టుదురు. శ్రీకాకుళమున ఏ చిన్న పత్రిక తన పాత సంచికలను మార్చుకొనబోయినను, ఆ ‘పభ్రాతము’ మరల దానికి ఎదురుకాదు. తనకొరకు చేసికొనిన పని అడుగకుండనే లోకమునకంతటికి చేసిన పనియగు ఇట్టి ఏర్పాటు మరి యే సాహిత్యసంస్థయందు గలదో చెప్పినచో సంతసింతుము.

ఇట్టి సంఘమును నడపుట వినుటకు తేలికగా నుండును. బడివారు మూల పడవేసిన రెండు జీబీల ర్యామ్ గల కంప్యూటరు తెచ్చి, పెన్‌డ్రైవు నుండి బూట్ చేసి, తేలికపాటి లినక్స్ ఎక్కింపవలెను. వైఫై కార్డునకు డ్రైవరు దొరకదు, ఎవరి ఫోనునో తీగతో కలిపి ఇంటర్నెట్టు తెప్పింపవలెను. సగములో కరెంటు పోవును, మొదటినుండి మొదలు పెట్టవలెను. ఇవి చిన్న కష్టములు. పెద్ద కష్టము మనుష్యులది. మూడవయేడు చదువుచున్న కుర్రవానికి రెండేండ్లు నేర్పి, వాడు పదిమందికి నేర్పగల స్థితికి వచ్చుసరికి గచ్చిబౌలిలో ఉద్యోగము దొరకును. పరీక్షలు వచ్చిన గది ఖాళీయగును. వరికోతలు వచ్చిన మరల ఖాళీయగును. ఉన్న నలుగురిని ఊరి పెద్దలు ప్రింటరు బాగుచేయుటకు పిలుతురు, ఖాతాలో డబ్బు పడినదో లేదో ఫోనులో చూచి చెప్పుమందురు, వారును విసుగుకొనక చూచి చెప్పుదురు. ఇన్నిటి నడుమను వచ్చే ఆదివారము తాళము తీయువాడెవడో ముందే నిర్ణయించి పెట్టుకొనువాడే ఆ సంఘమునకు ప్రాణము. వానికి పదవి లేదు, బిరుదు లేదు. గ్రంథము అసలే లేదు.

ఇబ్రహీంపూరు పేరు దేశమంతట మ్రోగిన కాలమొకటి కలదు. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయిన పిమ్మట, నాటి మంత్రి హరీశ్‌రావుగారు దత్తత గైకొనిన ఈ గ్రామమును ఆ డిసెంబరులోనే దక్షిణభారతమున మొదటి నగదురహిత గ్రామమని ప్రకటించిరి. జనుల చేతికి డెబిటు కార్డులును, దుకాణములలోనికి స్వైపింగు యంత్రములును వచ్చినవి, కెమెరాలు వచ్చినవి. ఇంకుడుగుంతలతోను పరిశుభ్రతతోను ఆదర్శగ్రామమని పేరొందిన ఊరు గనుక జనులు ఇందునకును మనస్ఫూర్తిగ చేయి కలిపిరి. కొన్నేండ్లకు పత్రికలవారు మరల వచ్చి, యంత్రముల నెలసరి అద్దె వర్తకులకు భారమైనదనియు, ఊరు నగదునకే మరలినదనియు వ్రాసిరి. ఆ వార్త చదివి నవ్వినవారు కలరు. మాకు నవ్వు రాలేదు. ఇంకుడుగుంత పూడిపోయినచో త్రవ్వినవాడే పార పట్టి బాగుచేసికొనును. ఏ లోతున ఏ రాయి వేసెనో వానికి తెలియును. ఆ స్వైపింగు యంత్రము లోపల ఏమున్నదో, అద్దె ఎందుకు అంత యయినదో, చెడినచో ఎవరినడుగవలెనో ఇబ్రహీంపూరున ఒక్కనికిని తెలియదు, తెలిసికొనుటకు అనుమతియు లేదు. ఒకే ఊరు, అవే చేతులు. ఒక పనికి ఆ చేతులు కావలసివచ్చినవి, మరియొకదానికి కార్డు పట్టుకొను వ్రేళ్లు మాత్రము చాలినవి. ఆదివారము కూడుకొను ఈ యువకులు ఊరిలో పెంచుచున్నది ఇంకుడుగుంత త్రవ్విన ఆ చేతిని. దీనిని సాంకేతిక విషయమని కొట్టివేసినవారికి, నన్నయ కాలమున తాటాకు చెక్కుటయు సాంకేతిక విషయమే యని గుర్తుచేయవలసియున్నది.

స్వచ్ఛందముగ చేయు పనికి నిలుకడ యుండదు, జీతమిచ్చి చేయించుటయే మేలని వాదించువారు కలరు. జీతమిత్తురేని మేము వలదనము. కేరళ ప్రభుత్వము 2001లో ఆరంభించిన ఐటీ ఎట్ స్కూల్ పథకము క్రమముగ బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైకి తెచ్చినది. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అను స్వచ్ఛంద బృందము మీరా, రచన వంటి ఫాంటులను పోషించి ఆ భాషకు అండగా నిలిచినది. కేంద్రప్రభుత్వమును 2015లో ఓపెన్ సోర్సు విధానమొకటి ప్రకటించినది. ఇచట మన బడులలో ఏమి జరుగుచున్నదో తల్లిదండ్రులు తమ పిల్లలనడిగి తెలిసికొనవచ్చును.

అసలు మా ఫిర్యాదు ప్రభుత్వముతో గాదు, రచయితలతో. తెలుగు అంతరించుచున్నదని సభ సభకును కంటతడి పెట్టువారు, తమ సమగ్రసాహిత్యమును ఏ డీటీపీ వాని హార్డ్‌డిస్కులోనో, మరియొకచోట తెరుచుకొనని ఫాంటులో పాతిపెట్టి, ఆ డీటీపీ వాడు దుకాణము మూసివేసిన దినమున లబోదిబోమనుచున్నారు. మనుమడు ఫోనులో తెలుగున టైపు చేయుచున్న కీబోర్డు వెనుక ఎవరి శ్రమ గలదో ఒక్కసారియైన అడిగినవారు గారు. అకాడమీలవారు కోట్లు వెచ్చించి ముద్రించిన నిఘంటువులను నలుగురు వాడుకొనునట్లు స్వేచ్ఛా లైసెన్సుతో విడువుడని ఈ యువకులు అర్జీ పెట్టుకొనిన, ‘మీరెవరు?’ అని ప్రశ్న వచ్చుచున్నది. వారెవరో చెప్పెదము. మా గ్రాంథికమును చూచి చాటున నవ్వుకొనుచునే, మా ‘యుండెను’లును ‘వలెను’లును తప్పులని ఎఱ్ఱగీత పడకుండ అక్షరదోష పరిశీలన పట్టికలో చేర్చుచున్నవారు వారు. ఈ భాషను వ్రాయు మాకంటె, దానిని ఓర్చుకొనుచున్న వారికే దానిపై ఎక్కువ హక్కు కలదని మా నమ్మకము. ఈ వాక్యమును వారు కత్తిరింపకున్నచో పాఠకులు చదువుచున్నారు.

వచ్చే సంచిక నుండి మా పత్రిక యావత్తు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోను, యూనికోడు ఫాంటులతోను కూర్పబడును. పాత సంచికలు మార్పిడి పూర్తియైనకొలది ఎవరైనను పునర్ముద్రించుకొనుటకు అనుమతితో విడుదలయగును. పురస్కార సంఘమునకు మరల ప్రతిపాదన పంపము. పంపినచో ఆ ప్రోగ్రాము సోర్సు కోడునంతయు కాగితముపై అచ్చొత్తించి, గట్టి అట్టలు వేయించి, నాలుగు ప్రతులే పంపుదుము. ఇక రచనలు పంపు కవిమిత్రులకు ఒక విన్నపము. పాత ఫాంటులలో వచ్చిన కవితలను మార్చి పెట్టుటకు ఇబ్రహీంపూరు యువకులను ఇకమీదట పిలువము. కవిగారే ఒక ఆదివారము వచ్చి, ఆ అమ్మాయి ప్రక్కన కూర్చుండి, తమ రావత్తులు తామే దిద్దుకొనవలెను. టీ ఖర్చు పత్రిక భరించును.