ప్రావ్దా వచ్చిన ఎన్నికలు

1937 వేసవిలో కోస్తా ఊరు కొత్తపట్నంలో వామపక్షం వాళ్లు రాజకీయ పాఠశాల పెడితే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. అయినా ఆ నేల మీద ఎర్రజెండాకు నిలువనీడ దొరికింది.

1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికలు. కమ్యూనిస్టులదే గెలుపని చాలామంది నమ్మారు. సరిగ్గా అప్పుడే మాస్కో కమ్యూనిస్టు పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్నే అచ్చువేసి ఊరూరా పంచారు. పార్టీకి నూటికి 31 ఓట్లు వచ్చినా దక్కిన సీట్లు 15. జైళ్లకు వెళ్లొచ్చిన కార్యకర్తలకు ఎంత గుండెకోత! నాకు ఇప్పటికీ బాధే.

ప్రావ్దా సంగతి అలా ఉంచితే, ఆ రోజుల్లో మా ఇంట్లో లెక్కల పుస్తకానికి అట్ట సోవియట్ భూమి పత్రిక కాగితమే. నున్నగా, దళసరిగా, వానకు తడిసినా చిరిగేది కాదు. మీ ఇళ్లలో అలాంటి అట్టలు ఉంటే పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.