శిక్ష తగ్గితే పాపం తీరుతుందా?

అది 1993 మార్చి 8. తెల్లవారుజామున చిలకలూరిపేటకు వస్తున్న ఆర్టీసీ బస్సులో ప్రయాణికులు నిద్రమత్తులో ఉన్నారు. దోపిడీకి పథకం వేసిన ఇద్దరు యువకులు బస్సులో పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది సజీవదహనమయ్యారు. నిందితులకు న్యాయస్థానం మరణశిక్ష విధించింది. సుప్రీంకోర్టు 1996లో దాన్ని ఖరారు చేసింది. వారిని ఉరి తీయకూడదంటూ పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు ఉద్యమించారు. చివరకు 1998లో నాటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చారు.

రాష్ట్రపతి శిక్షను తగ్గించగలరు. మరి పాపాన్ని ఎవరు తీసివేయగలరు? ఆ ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

అలాంటి ఘోరాన్ని తలచుకున్నప్పుడు మనకు కోపం వస్తుంది. దానితోపాటు, 'మనం అంతటి వాళ్లం కాము' అన్న చిన్న తృప్తి కూడా లోలోపల కలుగుతుంది. దేవాలయంలో నిలబడి ప్రార్థించిన పరిసయ్యుడి తృప్తి కూడా ఇదే (లూకా 18:11). కాని ఆ మంటకు మూలం ఏమిటి? పరుల సొమ్ము మీద ఆశ. ఆశ గర్భంలో పాపం పెరుగుతుందని, పెరిగిన పాపం మరణాన్ని కంటుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 1:15). మిర్చి టిక్కీల బరువు పెంచడానికి నీళ్లు చల్లే చేతిలో, కాటాలో మోసం చేసే చేతిలో, నకిలీ విత్తనాలు అంటగట్టి కౌలు రైతును అప్పులపాలు చేసే చేతిలో ఉన్నది కూడా ఆ ఆశే కదా! ఈ నేరాలన్నీ సమానమని మనం అనడం లేదు. విత్తనం ఒక్కటేనంటున్నాం. అందుకే అందరూ పాపం చేశారన్న పౌలు మాటలో (రోమా 3:23) మనకు మినహాయింపు లేదు.

యేసుప్రభువు పక్కన సిలువ వేయబడిన దొంగను చూడండి (లూకా 23:39-43). అతడు తన నేరానికి సాకు చెప్పలేదు. తనకు పడిన శిక్ష న్యాయమైనదేనని ఒప్పుకున్నాడు. తనను జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రమే ప్రభువును వేడుకున్నాడు. అతనికి పరదైసు దొరికింది కాని, సిలువ మీద నుంచి దిగే అవకాశం దొరకలేదు. దావీదును కూడా దేవుడు క్షమించాడు. అయినా ఊరియా ప్రాణం తిరిగి రాలేదు, దావీదు ఇంట కన్నీళ్లు ఆగలేదు (2 సమూయేలు 12). శిక్ష తగ్గినంత మాత్రాన పాపం పోదు. పాపం క్షమించబడినంత మాత్రాన దాని ఫలితాలన్నీ తుడిచిపెట్టుకుపోవు. ఈ రెండూ వేర్వేరు. రెండింటినీ కలిపేసి, కృపను చవకగా పంచిపెట్టే బోధ సంఘానికి చేటు.

మంచి గుణం చూపించి రక్షణ కొనుక్కోలేం. అది కృపచేత, విశ్వాసం ద్వారా కలిగేది (ఎఫెసీ 2:8). అయితే రక్షణ వచ్చిన ఇంట్లో గుణం మారకుండా ఉండదు. జక్కయ్య పాట పాడి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని అందరి ముందూ చెప్పాడు (లూకా 19:8). ఆదివారం ఆరాధనలో చేతులెత్తి, సోమవారం అదే కాటా దగ్గర మోసం చేస్తే మన మారుమనస్సు ఎక్కడున్నట్టు?

ఒక్క మాట మరచిపోకూడదు. ఆ బస్సులో అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలకు 'క్షమించేయండి' అని తేలిగ్గా చెప్పే హక్కు మనకు లేదు. ఏడ్చేవారితో ఏడవమన్నదే మనకున్న ఆజ్ఞ (రోమా 12:15). చెరసాలలో ఉన్నవాణ్ణి దర్శించమన్నదీ ఆ ప్రభువే (మత్తయి 25:36). కాలిపోయిన బస్సు వైపు, జైలు గది వైపు, రెండువైపులా నడవగలిగినదే క్రీస్తు సంఘం. ఆ నడకకు ముందు మన చేతిలో పరుల సొమ్ము ఏదైనా ఉంటే, ఈ వారమే తిరిగి ఇచ్చేద్దాం.